షెల్టర్ నుంచి కుక్కని తెచ్చుకుంటున్నారా? కుక్కపిల్లని వదిలేసి పెరిగినదాన్ని చూడండి

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. విజయనగరంలో అద్దె ఇల్లు, మొదటి అంతస్తు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. ఎనిమిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప. పగలంతా ఇంట్లో ఉండేది అత్తగారు. పిల్లలు కుక్క కావాలని పట్టుబట్టారు. జాతి కుక్కని కొనే బదులు షెల్టర్ నుంచి ఒకదాన్ని తెచ్చుకుందామని ఉత్తరం రాసినావిడ ఆలోచన. ఎక్కడ దొరుకుతుంది, ఎలాంటిది తీసుకోవాలి, వీధిలో తిరిగిన కుక్క ఇంట్లో ఇముడుతుందా, పిల్లలతో ప్రమాదమా, అత్తగారికి కుక్కలంటే భయం, ఎలా?

అమ్మా, నేను పశుసంవర్ధక శాఖలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో దెబ్బతిన్న కుక్కలకు కట్లు కట్టడం, కోలుకున్నవాటికి మంచి ఇళ్లు వెతకడం నా పని. మీరు రాసిన ఇంటి పరిస్థితి చూశాక నా సలహా సూటిగా చెబుతాను. రెండు నెలల కుక్కపిల్ల మీకు వద్దు. రెండేళ్ల వయసున్న, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడ నాటుకుక్కని తీసుకోండి.

ఎందుకో చెబుతాను. కుక్కపిల్ల మొదటి మూడు నాలుగు నెలలు ప్రతి రెండు గంటలకూ ఉచ్చ పోస్తుంది. రాత్రి ఏడుస్తుంది. పళ్లు దురదపెట్టి చెప్పులు, చార్జర్ వైర్లు, పాప వేళ్లు అన్నీ కొరుకుతుంది. మీరిద్దరూ తొమ్మిదింటికి వెళ్లిపోతే ఇదంతా ఎవరి మీద పడుతుంది? ముచ్చట పిల్లలది, తుడిచే పని అత్తగారిది అవుతుంది. అసలే భయపడే మనిషికి చాకిరీ కూడా తోడైతే నెల తిరక్కుండానే "దీన్ని ఎక్కడైనా ఒగ్గేయండి" అంటారు. ఆవిడ తప్పేమీ లేదు.

రెండో కారణం జబ్బులు. మన వైపు చిత్త కార్తె కుక్కలని ఊరికే అనలేదు. అక్టోబరులో ఎక్కువగా జతకడతాయి, 63 రోజులు అటూ ఇటూగా ఈనుతాయి. అందుకే సంక్రాంతి ముందు ప్రతి సందులోనూ పిల్లలు కనిపిస్తాయి. సరిగ్గా అప్పుడే పార్వో కూడా చుట్టబెడుతుంది. వాంతులు, కంపు కొట్టే నెత్తుటి విరేచనాలతో రెండు మూడు రోజుల్లో ప్రాణం తీసే జబ్బు అది. వైరస్ సోకిన మూడు నుంచి ఏడు రోజుల దాకా పిల్ల హుషారుగానే ఉంటుంది. ఆదివారం ఆడుకుంటూ ఇంటికొచ్చిన పిల్ల గురువారానికి సెలైన్ మీద ఉంటే మీ పాపకి ఏం చెబుతారు? పైగా ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఆ పెరట్లోకి టీకాలు పూర్తికాని ఇంకో పిల్లని వెంటనే తేవడం కుదరదు. రెండేళ్లు దాటి టీకాలు పడిన కుక్క ఈ గండాలు చాలావరకు దాటేసి ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద కారణం స్వభావం. పిల్ల పెద్దయ్యాక ఎలా ఉంటుందో ఎవరూ చెప్పలేరు. పెరిగిన కుక్క ఎలాంటిదో ఇప్పుడే కళ్ల ముందు ఉంటుంది. పిల్లల్ని చూస్తే తోక ఊపుతుందా, ముడుచుకుపోతుందా, పిల్లి కనిపిస్తే తాడు తెంపుకుంటుందా అన్నది అక్కడ రోజూ అన్నం పెట్టే మనిషిని అడిగితే చెప్పేస్తాడు. "చిన్నప్పుడు తెస్తేనే మాలిమి అవుతుంది, పెద్దది మన మాట వినదు" అని చాలామంది అంటారు. నేను చూసినంతలో అది నిజం కాదు. వేళకు తిండి, భయం లేని చోటు, ఒకేలా మాట్లాడే మనుషులు ఉంటే ఐదేళ్ల కుక్క కూడా మాలిమి అవుతుంది. నాటుకుక్క పన్నెండు పదిహేనేళ్లు బతుకుతుంది కాబట్టి రెండేళ్లదాన్ని తెచ్చుకుంటే మీరు పోగొట్టుకునేది చాకిరీ కాలమే.

ఆడదే ఎందుకంటే, మన జనం ఆడకుక్క వద్దంటారు. ఎదకొస్తుంది, మగ కుక్కలు గుమ్మం ముందు చేరతాయి, పిల్లల్ని కంటుంది అని భయం. ఆపరేషన్ అయిపోతే ఆ బాధలేవీ ఉండవు. చెవి కొసన చిన్న కోత ఉంటే జనన నియంత్రణ ఆపరేషన్ అయినట్టు గుర్తు. ఎవరూ అడగక షెల్టర్లలో ఏళ్ల తరబడి ఉండిపోయేవి ఈ ఆడకుక్కలే. వాటిలో నెమ్మదైనవి ఎన్నో.

ఇక ఎక్కడ దొరుకుతుందంటే, మన వైపు నుంచి పెద్ద షెల్టర్ కోసం విశాఖపట్నం వైపే చూడాలి. వీఎస్‌పీసీఏ అని పిలిచే విశాఖ జంతు సంరక్షణ సంఘం 1996 నుంచి ఉంది. మీకు రోడ్డు మీద సుమారు 60 కిలోమీటర్లు. ముందు ఫోన్ చేసి, ఏ రోజు రమ్మంటారో కనుక్కుని వెళ్లండి. అంత దూరం వద్దనుకుంటే విజయనగరంలో, శ్రీకాకుళంలో ఇళ్లలోనే కుక్కల్ని సాకి దత్తతకిచ్చేవాళ్లు ఉన్నారు. వాళ్లకి బోర్డులుండవు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుని, కుక్కల మందులమ్మే షాపువాళ్లని అడిగితే దారి చూపిస్తారు. గరివిడి పశువైద్య కళాశాల మీకు అందుబాటులోనే ఉంది. ఏదైనా క్లిష్టమైన జబ్బుంటే అక్కడ చూపించుకోవచ్చు.

మీ వీధిలోనే రోజూ మీ చేత్తో అన్నం తినే కుక్క ఉంటే మాత్రం మొదట దాని గురించి ఆలోచించండి. మీ వాసన, మీ గొంతు దానికి తెలుసు, దాని గుణం మీకు తెలుసు. 2025 ఆగస్టు 22 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వు కూడా వీధి కుక్కని దత్తత తీసుకోవాలనుకునేవాళ్లు మున్సిపల్ అధికారులకు దరఖాస్తు పెట్టుకోవచ్చని చెప్పింది. అలా తీసుకున్న కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నవారిదేనని కూడా చెప్పింది.

షెల్టర్‌కి ఒక్కసారే వెళ్లి తెచ్చేసుకోకండి. కనీసం రెండుసార్లు వెళ్లండి, మొదటిసారి పిల్లల్ని తీసుకెళ్లకండి. పిల్లలు గేటు దగ్గరికి గెంతుకుంటూ వచ్చిన మొదటి కుక్కకే పేరు పెట్టేస్తారు, ఇక మీరు కాదనలేరు. ముందు మీరూ అత్తగారూ వెళ్లండి. అవును, అత్తగారే. పగలంతా దానితో ఉండేది ఆవిడ కాబట్టి ఎంపిక కూడా ఆవిడదే కావాలి.

వరసగా బోన్లుంటే అరిచే కుక్కల్ని చూసి బెంబేలెత్తకండి. కొత్తవాళ్లొస్తే అన్నీ అరుస్తాయి. మీకు నచ్చినదాన్ని బయట ఖాళీ చోటికి తీసుకురమ్మనండి. కుర్చీలోనో గట్టు మీదో పక్కకి తిరిగి కూర్చుని దాని కళ్లలోకి చూడకుండా మాట్లాడుకుంటూ ఉండండి. నెమ్మదైన కుక్క కాసేపు నేల వాసన చూస్తుంది, తర్వాత వెనక నుంచి వచ్చి మీ చీర అంచు, చెప్పులు వాసన చూస్తుంది. చెయ్యి కిందికి దించి ఉంచితే ముక్కు ఆనిస్తుంది. అప్పుడు గడ్డం కింద గోకండి. తల మీద చెయ్యి వేయడం తర్వాత. గోకడం ఆపి చెయ్యి వెనక్కి తీసుకుంటే మళ్లీ దగ్గరికి జరిగిందా? అది మనిషిని కోరుకునే కుక్క. దూరం జరిగితే దానికి ఇంకా సమయం కావాలని అర్థం.

తర్వాత ఒక స్టీలు పళ్లెం కాస్త దూరంగా కింద పడేయండి. ఉలిక్కిపడటం సహజం, ఏ కుక్కైనా ఉలిక్కిపడుతుంది. చూడాల్సింది ఆ తర్వాతి సంగతి. క్షణాల్లో తేరుకుని పళ్లెం దగ్గరికి వచ్చి వాసన చూస్తే మీ పిల్లల అల్లరికి తట్టుకుంటుంది. మూలకి పోయి వణుకుతూ పావుగంటైనా రాకపోతే దానికి పిల్లల్లేని ప్రశాంతమైన ఇల్లు కావాలి. దాన్ని జాలితో తెచ్చుకోవద్దు, దానికీ మంచిది కాదు. పాదాలు, చెవులు, తోక మెల్లగా పట్టుకుని చూడండి. అన్నం గిన్నె దగ్గర ఎలా ఉంటుందో మాత్రం మీరు పరీక్షించకండి, అక్కడి మనిషిని అడగండి.

అరసవల్లి దగ్గర ఒక పెద్దాయన కోసం వెతికినప్పుడు ఒక నల్లమచ్చల ఆడకుక్క కనిపించింది. మిగతావన్నీ గెంతుతుంటే అది వెనక గోడకి ఆనుకుని కూర్చుని చూస్తూ ఉండేది. ముందు కాలు ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. అడిగేవాళ్లు ఆ కాలు చూసి పక్కకి వెళ్లిపోయేవారు. పెద్దాయనా చేతికర్రతో నడిచే మనిషే. కర్ర చూస్తే కొడతారేమోనని భయపడుతుందని మేమనుకున్నాం. అది లేచి వచ్చి కర్ర అడుగు వాసన చూసి, ఆయన కాళ్ల దగ్గర పడుకుంది. ఇప్పుడు సాయంత్రం నాగావళి గట్టున ఇద్దరూ ఒకే వేగంతో నడుస్తారు. నేను చెప్పే ఎంపిక ఇదే. రంగు, చెవుల నిలుపు, తోక వంపు చూడటం కంటే మీ ఇంటి నడకకి సరిపోయేదేదో చూడండి.

ఆరోగ్యం కూడా అక్కడే చూసుకోవచ్చు. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్లీ రంగు రావాలి. పాలిపోయి ఉంటే నులిపురుగులో, గోమార్లు తెచ్చే జ్వరమో ఉండొచ్చు. మన తీరప్రాంతపు ఉక్కలో గోమార్లు విపరీతం. చెవి లోపల, కాలివేళ్ల సందుల్లో దాక్కుంటాయి. జ్వరం, తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం కనిపిస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించాలి. వేళకి పట్టుకుంటే మందులకి తగ్గే జబ్బే. గజ్జి చూసి వద్దనుకోకండి, అది కూడా వైద్యంతో పోతుంది. కళ్ల నుంచి పుసి, ముక్కు నుంచి చీమిడి కారుతూ, దవడ కటకటలాడిస్తుంటే మాత్రం డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుని అనుమానించాలి. అలాంటిదాన్ని ఇంటికి తేవద్దు. వయసు పళ్లని బట్టి అంచనా వేస్తారు. ఏడు నెలలకి శాశ్వత పళ్లన్నీ వచ్చేస్తాయి. తెల్లగా, మొనదేలి ఉంటే చిన్న వయసు. దవడ పళ్ల మీద పసుపు గార పేరుకుంటే సాధారణంగా మూడేళ్లు దాటినట్టే.

కాగితాలు అడిగి తీసుకోండి. రేబిస్ టీకా, తొమ్మిదిరకాల జబ్బుల టీకా ఎప్పుడు వేశారు, నులిపురుగుల మందు ఎప్పుడు పట్టారు, ఆపరేషన్ ఏ నెలలో అయింది, ఇవన్నీ రాసి ఉండాలి. వాళ్లు మీ ఆధార్ అడుగుతారు, ఇల్లు చూడ్డానికి వస్తామంటారు. దాన్ని అవమానంగా తీసుకోకండి. ఇల్లు చూడకుండా కుక్కనిచ్చేసేవాళ్ల కంటే పది ప్రశ్నలు వేసేవాళ్లే నమ్మకస్తులు.

ఇంటి ఓనర్‌తో మాట ముందే తేల్చుకోండి. కుక్క వచ్చాక ఒప్పించుకుందాం అనుకుంటే చివరికి మీరు ఇల్లైనా మారాలి, కుక్కనైనా వదలాలి. ఫోన్లో ఒప్పుకుంటే సరిపోదు, అగ్రిమెంటులో ఒక లైను రాయించుకోండి. నగరపాలక కార్యాలయంలో పెంపుడు కుక్క రిజిస్ట్రేషన్ గురించి కనుక్కోండి.

తెచ్చే రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కుక్కలు తప్పిపోయేది ఎక్కువగా ఆ రోజే. బస్సులో వద్దు, కారు మాట్లాడుకోండి. బయలుదేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి పెట్టొద్దు, నీళ్లు చాలు. మెడపట్టీ ఒక్కటే చాలదు. భయపడిన కుక్క వెనక్కి లాగితే తల జారిపోతుంది. ఛాతీకి కూడా పట్టీ వేయించండి. కారు తలుపు తీసే ముందే తాడు మీ మణికట్టుకి చుట్టుకోండి. మీ ఫోన్ నంబరు రాసిన బిళ్ల ఆ రోజే మెడలో ఉండాలి.

ఇంటికి రాగానే బంధువుల్ని పిలవకండి, స్నానం చేయించకండి. హాల్లో ఒక మూల పాత దుప్పటి, నీళ్ల గిన్నె పెట్టండి. మొదటి మూడు రోజులు తినకపోవచ్చు, మంచం కింద దూరొచ్చు. లాగి బయటికి తీయొద్దు. దాదాపు మూడు వారాలకి మీ ఇంటి వేళలు తెలుస్తాయి. మూడు నెలలకి అసలు గుణం బయటపడుతుంది. మొదటి వారంలో కనబడే ముంగితనాన్ని మంచితనమనీ, కంగారుని చెడ్డ గుణమనీ అనుకోకండి.

ఉచ్చ సంగతికి భయపడనక్కర్లేదు. చాలా వీధి కుక్కలు పడుకునే చోట పాడుచేయవు. పొద్దున లేవగానే, తిన్న వెంటనే, రాత్రి పడుకోబోయే ముందు తాడుతో కిందికి దించి ఒకే చోటికి తీసుకెళ్లండి. అక్కడ పని కాగానే మెచ్చుకోండి. ఇంట్లో ఎప్పుడైనా పోస్తే కొట్టొద్దు, తుడిచేయండి. ఫినాయిల్ తడి ఆరేదాకా ఆ గదిలోకి రానివ్వొద్దు, కాళ్లకి అంటినదాన్ని నాకుతుంది. పూజగది, వంటగది గుమ్మాలకి మోకాలెత్తు చెక్క అడ్డు పెట్టించండి. అత్తగారికి మడి ఉంటే ఈ ఒక్క అడ్డుతో సగం టెన్షన్ తగ్గుతుంది.

ఆవిడ భయానికి నాకు తెలిసిన మందు ఒకటే. రోజుకి ఒక పూట తిండి ఆవిడ చేత్తోనే పడాలి. ముట్టుకోనక్కర్లేదు. గిన్నె కింద పెట్టి వెనక్కి జరిగి "తిను" అంటే చాలు. వారం తిరిగేసరికి కుక్క ఆ గొంతు కోసం ఎదురు చూస్తుంది. తన కోసం ఒక ప్రాణి ఎదురు చూస్తోందని తెలిశాక భయం నిలవదు. ఆవిడ మనస్ఫూర్తిగా వద్దంటే మాత్రం ఈ ఏడాదికి ఆగండి. ఒక్కరైనా అయిష్టంగా ఉన్న ఇంట్లో కుక్క సుఖపడదు.

పిల్లలకి నియమాలు ముందే చెప్పండి. అది తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు ముట్టుకోకూడదు. వాటేసుకోకూడదు, మీద ఎక్కకూడదు. అది మూలకి వెళ్లిపోతే వెంటపడకూడదు. పెద్దవాళ్లు లేకుండా పాపనీ కుక్కనీ ఒక గదిలో వదలకండి, ఎంత మంచి కుక్కైనా సరే. మీరు దాని సైగలు నేర్చుకోండి. నాలుకతో మూతి నాకడం, ముఖం తిప్పేయడం, తెల్లగుడ్డు కనిపించేలా ఓరచూపు చూడటం, ఇవన్నీ "ఇక చాలు" అని చెప్పడమే. గుర్రుమంటే తిట్టకండి. గుర్రుమనడం హెచ్చరిక, దాన్ని మాన్పిస్తే ఇకపై హెచ్చరించకుండా కరుస్తుంది.

పన్ను గానీ గోరు గానీ దిగితే సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం, పసుపు పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. వెంటనే ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం పోయింది, ఇప్పుడు చేతికే వేస్తారు, ఉచితం. కుక్కకి టీకా వేయించాం కదా అని మనిషికి వైద్యం ఆపకండి. రేబిస్ లక్షణాలు కనబడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. కుక్కకి ఏటా టీకా తప్పకూడదు. జులై 6న ప్రపంచ జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల దినం) సందర్భంగా మన పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. లూయీ పాశ్చర్ 1885లో ఒక కుర్రాడికి మొదటిసారి రేబిస్ టీకా వేసిన రోజు అది.

తిండి దగ్గర మనవాళ్లు చేసేది మిగిలిన కూరన్నం పెట్టడం. ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తాన్ని దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ విషం. ఉడికిన కోడి ఎముక చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఎండుచేప ఉప్పు మంచిది కాదు. పెరుగన్నం ఒక్కటే రెండు పూటలా పెడితే మాంసకృత్తులు చాలవు. అన్నం గానీ చోడి జావ గానీ, అందులో ఉప్పుకారం లేకుండా ఉడికించిన గుడ్డో, ఎముక తీసిన కోడిమాంసమో, వారానికి ఒకసారి కొంచెం లివరో కలపండి. పదిహేను ఇరవై కిలోల నాటుకుక్కకి నా లెక్కలో తిండికి నెలకి రెండు వేల దాకా అవుతుంది. టీకాలు, గోమార్ల మందు వేరే.

ఎప్పుడు తేవాలో కూడా చూసుకోండి. దీపావళి ముందు వద్దు. సిరిమాను సంబరం రోజుల్లో విజయనగరంలో జనం, మైకులు, బాణసంచా అన్నీ ఉంటాయి, అప్పుడూ వద్దు. వేసవి సెలవుల్లో తెస్తే రెండు నెలలు ఇల్లంతా సందడిగా ఉండి, జూన్‌లో ఒక్కసారిగా మూగబోతే కుక్క తట్టుకోలేదు. మామూలు బడి రోజుల్లో ఒక శుక్రవారం సాయంత్రం తెచ్చుకుని, రెండో రోజు నుంచే పది నిమిషాలు, తర్వాత అరగంట ఒంటరిగా ఉంచడం అలవాటు చేయండి.

సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారన్నది ఇప్పుడే తేల్చుకోవాలి. మన ఊళ్లలో కుక్కల్ని ఉంచుకునే చోట్లు తక్కువ. పక్కింటివాళ్లనో చుట్టాల్నో ముందే ఒప్పించి, కుక్కకి పరిచయం చేసి పెట్టుకోండి. ఇంకోటి తుఫాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ మన నెత్తిన పడినవే. అక్టోబరు, నవంబరు నెలల్లో వారానికి సరిపడా దాని తిండి ఇంట్లో ఉంచండి, టీకా కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. ఇల్లు వదలాల్సొస్తే వెంట తీసుకెళ్లండి. అదీ కుదరకపోతే కనీసం గొలుసు విప్పండి. కట్టేసిన కుక్క నీళ్లొస్తే ఈదలేదు.

ఇంత చూసుకుని తెచ్చినా ఒక్కోసారి కుదరదు. బాబుకి ఎలర్జీ రావచ్చు, మీకు బదిలీ కావచ్చు. అలాంటప్పుడు ఎక్కడ తీసుకున్నారో అక్కడికే ఫోన్ చేయండి. మంచి షెల్టర్లు వెనక్కి తీసుకుంటామని కాగితం మీదే రాస్తాయి. మీరు సంతకం పెట్టే ముందు ఆ లైను ఉందో లేదో చూసుకోండి, లేకపోతే రాయించుకోండి. రైతుబజారు దగ్గరో హైవే పక్కనో దింపేసి వచ్చేయడం మాత్రం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆరు నెలలు ఇంట్లో ఉన్న కుక్కకి కొత్త వీధిలో పాత కుక్కలు చోటివ్వవు.